దెబ్బ పడితేగానీ పేలని ఫోన్

మాస్కోలో ఒక పాత పబ్లిక్ ఫోన్. టామ్ క్రూజ్ దాని దగ్గరకెళ్లి తన మిషన్ వివరాలు చూసుకుంటాడు. ఈ సందేశం ఐదు సెకన్లలో దానంతటదే నాశనమవుతుందని ఒక గొంతు చెబుతుంది. ఆయన నడిచి వెళ్లిపోతుంటాడు. ఐదు సెకన్లు అవుతాయి. ఏమీ కాదు. ఆగి, వెనక్కి వచ్చి, ఆ ఫోన్ డబ్బా మీద ఒక్కటిస్తాడు. అప్పుడొస్తుంది పొగ.

2011 డిసెంబరులో థియేటర్లో ఆ దెబ్బ చూడగానే నేను సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాను. గూఢచారి సినిమాల్లో అప్పటిదాకా నేను చూసిన పరికరాలన్నీ బటన్ నొక్కగానే పనిచేసేవి. నిజంగా మెషీన్లతో బతికేవాళ్లకి అలాంటిది ఎప్పుడూ కనిపించదు. పనిచేయని దాన్ని అరచేత్తో కొట్టి పనిచేయించడం మాత్రం నాకు బాగా తెలుసు.

నా పని స్టేజీల మీద ఎల్‌ఈడీ వాల్స్ కట్టడం. సమావేశాలు, డ్యాన్సు షోలు, కంపెనీల వార్షికోత్సవాలు, ఏదైనా సరే, మాట్లాడే మనిషి వెనక వెలిగే పెద్ద తెర మేము బిగించిందే అయి ఉంటుంది. కాబట్టి మిషన్ ఇంపాజిబుల్ వరసలో నాలుగోదైన ‘ఘోస్ట్ ప్రోటోకాల్’ గురించి నేను చెప్పేదంతా తెర వెనక నిలబడేవాడి మాటగా తీసుకోండి. ఇప్పటికి ఏడెనిమిది సార్లు చూసి ఉంటాను. దాని లోపాలు నాకు వరసగా గుర్తున్నాయి. అయినా ఎక్కడైనా వస్తుంటే వదలను. పోయిన నెల మా అక్క కొడుకుతో కలిసి మళ్లీ చూశాను. వాడికి పద్నాలుగేళ్లు. సినిమాలో ఒక్క తప్పు దొరికినా పాజ్ కొట్టేస్తాడు. వాడి పక్కన కూర్చుని చూస్తే నాకు ఇష్టమైన సినిమాకి పరీక్ష పెట్టినట్టే.

మొదటి పాజ్ క్రెమ్లిన్ సీన్‌లో పడింది. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన సీన్ కూడా అదే.

క్రూజ్, సైమన్ పెగ్ రష్యన్ సైనికుల వేషాల్లో క్రెమ్లిన్ లోపలికి వెళ్తారు. ఒక పొడవాటి కారిడార్. ఆ చివర గార్డు కూర్చుని ఉంటాడు. వీళ్లు ఈ చివర కారిడార్‌కి అడ్డంగా ఒక తెర నిలబెడతారు. వెనకున్న ఖాళీ కారిడార్ బొమ్మ ఆ తెర మీద పడుతుంది. గార్డు తలెత్తితే అతనికి కనిపించేది ఖాళీ కారిడారే. ఆ తెరని కొంచెం కొంచెంగా ముందుకు తోసుకుంటూ వీళ్లు దాని వెనకే నడుస్తారు. ఇంతవరకే అయితే మామూలు ట్రిక్కు. అసలు గొప్పతనం ఏంటంటే, గార్డు కళ్లు ఎక్కడున్నాయో ఆ యంత్రం కనిపెడుతూ ఉంటుంది. అతను లేచి నాలుగడుగులు వేస్తే, ఆ కొత్త చోటు నుంచి కారిడార్ ఎలా కనిపించాలో అలా బొమ్మని మారుస్తుంది.

ఇది ఎందుకు అవసరమో తెర కట్టేవాడికి వెంటనే అర్థమవుతుంది. చదునైన తెర మీద లోతు చూపించాలంటే అది ఒకే ఒక్క చోటు నుంచి సరిగ్గా కుదురుతుంది. అక్కడి నుంచి రెండడుగులు పక్కకి జరిగితే గోడలు వంకర పోతాయి, నేల వాలిపోతుంది. 2020లో సియోల్‌లో ఒక బిల్డింగ్ మూల మీది పెద్ద ఎల్‌ఈడీ తెరలో సముద్రపు అల ఎగసిపడుతున్న వీడియో లోకమంతా తిరిగింది. గాజు పెట్టెలో నిజంగా నీళ్లున్నట్టే ఉంటుంది. అదీ ఒక వైపు నుంచి చూసినప్పుడే. దాని కింద నుంచి నడిచే వాళ్లకి ఆ అల సాగదీసినట్టు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు సినిమా షూటింగుల్లో నటుల వెనక పెద్ద ఎల్‌ఈడీ గోడ పెట్టి ఎడారో, అంతరిక్షమో అందులో చూపిస్తున్నారు కదా. 2019లో వచ్చిన ‘ది మాండలోరియన్’ సీరియల్‌తో ఆ పద్ధతికి బాగా పేరొచ్చింది. అక్కడ కెమెరా ఎక్కడుందో సెన్సర్లు కనిపెడుతుంటే గోడ మీది బొమ్మ దానికి తగ్గట్టు మారుతుంటుంది. గార్డు కంటి స్థానంలో కెమెరా ఉందన్నమాట. క్రెమ్లిన్ కారిడార్‌లో కథ కోసం పెట్టుకున్న యంత్రం ఎనిమిదేళ్లకి షూటింగ్ సామాను అయింది. రెండు కెమెరాలు ఒకేసారి పెడితే అక్కడ కూడా ఇబ్బందే. ఒకదానికి కుదిరిన బొమ్మ రెండోదానికి కుదరదు.

సినిమాలో సరిగ్గా అదే జరుగుతుంది. రెండో గార్డు వస్తాడు. యంత్రానికి ఇప్పుడు రెండు జతల కళ్లు. ఎవరి కోసం బొమ్మ వేయాలో తెలియక తెర తడబడుతుంది. కారిడార్ ఇటూ అటూ ఎగిరిపడుతుంది. అది చెడిపోలేదు. చెప్పిన పని చేస్తూనే ఉంది, ఆ పనికి ఉన్న హద్దు దాటిపోయింది, అంతే. పరికరం విఫలమయ్యే తీరు దాని తయారీలోనే ఉండాలి, పైనుంచి తెచ్చి అతికించకూడదు. రాసినవాళ్లకి ఆ సంగతి తెలుసు. నేను ఈ సినిమాకి దాసోహమైంది అక్కడే.

మావాడు పాజ్ కొట్టి అడిగింది వేరే. “మామయ్యా, ఇద్దరొస్తే పనిచేయదు, ఒప్పుకుంటా. కానీ మొదటి గార్డుకి మాత్రం రెండు కళ్లున్నాయి కదా? ఒక్కో కన్నూ ఒక్కో చోట ఉంది కదా?”

నేను ఇన్నిసార్లు చూశాను. తెరలతోనే నా బతుకు. ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. “ఆగు, సినిమా అయ్యాక చెప్తా” అని ప్లే కొట్టాను.

పనిలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక పెద్ద సమావేశం. తెర రిహార్సల్లో బాగానే వెలిగింది. ఎల్‌ఈడీ వాల్ అంటే చిన్న చిన్న ప్యానెళ్లు పక్కపక్కన బిగించినది. డేటా కేబుల్ ఒక ప్యానెల్లోంచి ఇంకోదానికి గొలుసులా వెళ్తుంది. మధ్యలో ఒక్క కనెక్టర్ వదులైతే దాని తర్వాతివన్నీ నల్లబడిపోతాయి. ముఖ్య అతిథి మైకు దగ్గరకి రాగానే కుడివైపు సగం తెర పోయింది. వెనక్కి పరుగెత్తాను. అక్కడ చీకటి, ఇనప ఫ్రేముల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి పట్టేంత సందు. వేళ్లతో ఒక్కో కనెక్టర్ తడుముకుంటూ వెళ్తే ఒకచోట లాక్ విరిగి ఉంది. నొక్కితే వెలుగుతుంది, వదిలితే పోతుంది. టేపు చుట్టాలంటే ఒక చెయ్యి వదలాలి, వదిలితే తెర పోతుంది. బొటనవేలితో దాన్ని నొక్కి పట్టుకుని ప్రసంగం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. వేలి చివర తిమ్మిరెక్కి, తర్వాత అసలు స్పర్శే పోయింది. తెర అవతల చప్పట్లు వినిపిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అది టెన్షనో, సంతోషమో ఇప్పటికీ చెప్పలేను.

క్రూజ్ దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా అద్దాల మీద వేలాడుతుంటే నాకు నా బొటనవేలు గుర్తొస్తుంది.

ఆ సీన్ గురించి అందరికీ తెలుసు. 828 మీటర్ల బిల్డింగ్, 2010 జనవరిలో తెరిచారు, అదే ఏడాది చివర్లో ఈ షూటింగ్ మొదలైంది. క్రూజ్ డూప్ లేకుండా తాళ్లకు వేలాడుతూ నిజంగానే ఆ అద్దాల బయట పాకాడు. ఆ తాళ్లని తర్వాత గ్రాఫిక్స్‌లో చెరిపేశారు. ఐమాక్స్ కెమెరాతో తీశారు కాబట్టి పెద్ద తెర మీద చూస్తే కాళ్ల కింద నేల లేనట్టే ఉంటుంది. కానీ నాకు ఎత్తుకంటే ముందు కనిపించేవి ఆ గ్లవ్స్ మీది లైట్లు. సర్వర్ గది పై అంతస్తుల్లో ఉంది, లోపలి దారి లేదు, బయట నుంచి ఎక్కాలి. అద్దానికి అతుక్కునే గ్లవ్స్ ఇస్తారు. నీలం వెలిగితే పట్టు ఉన్నట్టు. మరి ఎర్రగా మారితే? పోయినట్టే. ఇంత చిన్న వివరణ చాలు, ఆ తర్వాత మనం మనిషిని చూడం, ఆ లైటునే చూస్తుంటాం. ఒక గ్లవ్ బీప్ అంటుంది, ఎర్రబడుతుంది, చచ్చిపోతుంది. దాన్ని తీసి పారేసి ఒంటిచేత్తో ఎక్కుతాడు. దిగేటప్పుడు కేబుల్ పట్టుకుని గోడ మీద పరుగెత్తుతూ వస్తే అది కిటికీ దాకా సరిపోదు. కేబుల్ కొంచెం తక్కువ పడడం! మా గోదాములో వారానికోసారైనా వినిపించే మాట.

ఈ గ్లవ్స్ విషయంలో మాత్రం సినిమాతో నాకొక పేచీ ఉంది. అతుక్కునే గ్లవ్స్ అనే ఆలోచన బల్లి నుంచి వచ్చింది. బల్లి వేళ్ల కింద కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో వెంట్రుక చివర మళ్లీ వందల పాయలుగా చీలి ఉంటుంది. అవి గోడకి మరీ దగ్గరగా ఆనుకోవడం వల్ల అణువుల మధ్య ఉండే చిన్నపాటి ఆకర్షణే బల్లి బరువంతా మోస్తుంది. జిగురు లేదు, గాలి పీల్చుకోవడమూ లేదు. 2014లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఈ సూత్రంతో ప్యాడ్లు చేస్తే ఒక మనిషి వాటితో నిలువు గాజు గోడ ఎక్కి చూపించాడు. ఆ పట్టుకి కరెంటు అక్కర్లేదు. కిందికి లాగితే పడుతుంది, లాగడం ఆపితే వదులుతుంది. కాబట్టి నీలం, ఎరుపు లైట్లు చూసేవాళ్ల కోసం పెట్టినవే.

అలాంటి ప్యాడ్లకి నిజమైన శత్రువు దుమ్ము. ఆ సన్నటి కొసలకి దుమ్ము పట్టిందంటే అద్దానికీ వాటికీ మధ్య సందు వచ్చేస్తుంది, పట్టు తగ్గుతుంది. ఇప్పుడు ఆ సీన్ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. క్రూజ్ పైన వేలాడుతుంటే దూరంగా ఆకాశమంత ఎత్తున ఇసుక తుఫాను వస్తూ ఉంటుంది! గ్లవ్ ఎందుకు చచ్చిపోయిందో కారణం కళ్ల ముందే ఉంది, వాళ్లు వాడుకోలేదు. మొదటి ఇసుక రేణువులు అద్దం మీద పడడం, అరచేయి కొంచెం జారడం చూపించి ఉంటే ఆ సీన్ ఇంకో మెట్టు పైకి వెళ్లేది. చూసిన ప్రతిసారీ అక్కడ నా మనసు కొట్టుకుంటుంది.

ఇంకా చాలా ఉన్నాయి. మొదట్లోనే ఒక ఏజెంటు మేడ మీద నుంచి వెనక్కి దూకి, కిందికి విసిరిన పరికరం గాలితో ఉబ్బి మెత్తగా మారితే దాని మీద పడి బతికిపోతాడు. హాయిగా లేచి సందులో నడుస్తుంటాడు. ఎదురుగా వస్తున్న అమ్మాయి హంతకురాలని ఫోన్ గుర్తుపట్టి చెబుతుంది. సరిగ్గానే చెప్పింది, ఒక్క క్షణం ఆలస్యంగా చెప్పింది. కదులుతున్న రైలు పెట్టెలోకి ఎక్కాలంటే కంటి స్కాన్ చేయాలి, పెట్టె పక్కనే పరుగెడుతూ కన్ను అక్కడ ఆనించాలి. ఇసుక తుఫానులో క్రూజ్ ట్రాకర్ చుక్కనే నమ్ముకుని వెళ్తుంటే ఆ చుక్క వెనక్కి తిరిగి అతని వైపే వస్తుంది, దుమ్ములోంచి కారు ఊడిపడుతుంది.

మాస్కుల మెషీన్ సంగతి వేరే చెప్పాలి. ఈ సినిమాల వరసకి ప్రాణమే ముఖం మీద ముఖం తొడుక్కోవడం. అలాంటిది ఇందులో ఆ మెషీన్ పని మధ్యలో మొరాయిస్తుంది. అణు క్షిపణుల కోడ్ల బేరానికి వచ్చే రెండు వర్గాలూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరన్న నమ్మకంతో వీళ్లు సొంత ముఖాలతోనే వెళ్లాల్సి వస్తుంది. కాసేపటికి, తుఫానులో తప్పించుకుపోతున్న విలన్ మనిషి ముఖం మీది తోలు లాగేస్తే లోపల ఉన్నది విలనే. మనవాళ్ల మెషీన్ పాడైపోయింది, వాడిది పనిచేసింది. అంత పెద్ద అన్యాయం చూశాక మన జట్టులోని ఆ నలుగురి మీద నాకు ప్రేమ పెరిగింది.

ఇక లోపాలు. మావాడి మిగతా పాజ్‌లన్నీ రెండో సగంలోనే.

విలన్ హెండ్రిక్స్ దగ్గరే సినిమా బాగా దెబ్బతింది. అణుయుద్ధం వస్తే మానవజాతికి మేలని నమ్మే మేధావి అతను. ఆ నమ్మకం ఎలా వచ్చిందో, దాని కోసం ఏం పోగొట్టుకున్నాడో ఏమీ లేదు. అతని సిద్ధాంతం ఒక వీడియోలో రెండు మాటలు వింటాం, అంతే. ఆ పాత్ర వేసిన మైకేల్ నిక్విస్ట్ కళ్లలో ఏదో బాధ ఉంటుంది, దాన్ని వాడుకునే సీనే రాయలేదు. “మామయ్యా, లెక్కలు వేసుకునే ప్రొఫెసర్ టామ్ క్రూజ్‌తో అంతసేపు సమానంగా ఎలా కొట్లాడతాడు?” అంటే నా దగ్గర జవాబు లేదు. హంతకురాలిగా వేసిన లియా సెడూని అంత తొందరగా పంపించేయడం కూడా నాకు నచ్చలేదు. చూపుతోనే భయపెట్టింది. రెండో సగానికి విలన్‌గా ఆమె ఉంటే చాలేది.

ముంబై ఘట్టం చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అనిల్ కపూర్ ఉన్నాడని మనవాళ్లు ఎంత ఆశగా వెళ్లారో నాకు గుర్తుంది. అమ్మాయి కనిపిస్తే చాలు ఒళ్లు మరిచిపోయే కోటీశ్వరుడి పాత్ర ఇచ్చి, శాటిలైట్ కోడ్ రాబట్టుకుని వదిలేశారు. అంతటి నటుడికి ఇవ్వాల్సిన పాత్ర అది కాదు. ఊరు కూడా అంతే. బెంగళూరులో తీసిన ముక్కలు, వాంకూవర్‌లో వేసిన సెట్లు కలిసి ముంబై అయ్యాయి. ఆ కారు ఆ రోడ్ల మీద ఆ స్పీడులో ఎలా వెళ్లిందో ముంబై చూసిన వాళ్లెవరూ ఒప్పుకోరు. దుబాయ్‌ని అంత శ్రద్ధగా చూపించిన వాళ్లు ఇక్కడ ఎందుకు తొందరపడ్డారో మరి. జట్టులో జెరెమీ రెన్నర్ వేసిన బ్రాండ్ట్ తన పాత తప్పు తలుచుకుని కుమిలిపోవడం నన్ను పెద్దగా కదిలించలేదు.

కానీ ఆ ముంబైలో కూడా రెండు చోట్ల నేను ఊపిరి బిగబట్టాను. ఒకటి, జెరెమీ రెన్నర్ అయస్కాంతపు సూట్ వేసుకుని తిరుగుతున్న పెద్ద ఫ్యాన్ ఉన్న గొట్టంలోకి దూకడం. కింద చిన్న బండి అయస్కాంతంతో అతన్ని గాల్లో నిలబెట్టాలి. దూకు, నేను పట్టుకుంటా అని ఇయర్‌పీస్‌లో పెగ్ చెబుతుంటాడు. పైన రెన్నర్ దూకలేక దూకలేక నిలబడతాడు. పరికరాన్ని నమ్మడమంటే దాన్ని నడిపే మనిషిని నమ్మడమే. స్టేజీ మీది ట్రస్ అనే లోహపు చట్రం ఎక్కిన కుర్రాడు కింద తాడు పట్టుకున్న నా వైపు చూసే చూపు సరిగ్గా అలాగే ఉంటుంది.

రెండోది చివర్లో. కార్లు పైకీ కిందికీ కదిలే పార్కింగ్ టవర్‌లో కొట్లాట అయ్యాక, క్రూజ్ కారుతో సహా నిలువునా నేల మీద పడి, క్షిపణిని ఆపగల బ్రీఫ్‌కేసు అందుకుని బటన్ నొక్కుతాడు. పనిచేయదు. ఎందుకంటే సిగ్నల్ పంపాల్సిన టీవీ స్టేషన్‌లో కరెంటు లేదు. ఎక్కడో రెన్నర్ కొట్లాడి స్విచ్ వేస్తేగానీ సిగ్నల్ వెళ్లదు. ఎక్కడికి పనికి వెళ్లినా నేను అడిగే మొదటి మాట “పవర్ ఎక్కడుంది?” అని. ఒక క్షిపణి మహానగరం మీద పడబోతున్నప్పుడు కూడా మాట అదే అయిందని నాకు ఎంత ఆనందమో.

డైరెక్టర్ బ్రాడ్ బర్డ్‌కి మనుషులతో తీసిన మొదటి సినిమా ఇది. అంతకుముందు 2004లో ‘ది ఇన్‌క్రెడిబుల్స్’, 2007లో ‘రాటటూయి’ లాంటి యానిమేషన్ సినిమాలు తీశాడు. యానిమేషన్‌లో అనుకోకుండా ఏదీ ఫ్రేములోకి రాదు, ప్రతి వస్తువూ ఎవరో ఒకరు గీయాల్సిందే. ఆ అలవాటు ఇక్కడ కనిపిస్తుంది. ఏ వస్తువు ఎక్కడుంది, ఏం చేస్తుంది, ఎంతవరకు చేయగలదు అన్నది మనకి ముందే తెలుస్తుంది. అందుకే అది ఆగిపోయినప్పుడు భయం వేస్తుంది. విలన్ మనసు కూడా అలాగే గీసి ఉంటే ఎంత బాగుండేదో.

సినిమా అయ్యాక మావాడు ప్రశ్న మర్చిపోలేదు. మన రెండు కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు దూరం ఉంటుంది, గార్డు చాలా దూరంలో ఉంటే ఆ తేడా లెక్కలోకి రాదు, దగ్గరకొస్తే మాత్రం పట్టేస్తాడు అని చెప్పాను. నమ్మలేదు. తెల్ల కాగితం, స్కేలు తీసుకున్నాం. ఒక మూల నుంచి చూస్తే నిలబడి ఉన్నట్టు కనిపించేలా సాగదీసిన పెట్టె బొమ్మ గీశాను, నీడ కూడా దిద్దాను. పై అంచుకి తగ్గట్టు కాగితం కత్తిరించి నేల మీద పెట్టాం. ఎక్కడ నిలబడాలో అక్కడ టేపు ముక్క అంటించాను.

టేపు మీద నిలబడి, కొంచెం వంగి, ఒక కన్ను మూశాడు. “లేచింది మామయ్యా!” అని అరిచాడు. రెండో కన్ను తెరిచాడు. పెట్టె కాగితమైపోయింది. మూశాడు, లేచింది. తెరిచాడు, పడిపోయింది. అలా పది నిమిషాలు చేశాడు. తర్వాత వెనక్కి, ఇంకా వెనక్కి, గుమ్మం దాకా వెళ్లి, కన్ను తెరిచినా పెట్టె నిలబడే చోటు వెతకడం మొదలుపెట్టాడు. ఎంత దూరమో కొలవడానికి నేను టేపు పట్టుకుని వెనకే వెళ్లాను.